డెస్క్‌టాప్ ప్రాసెసర్ వేడి 95 డిగ్రీలు దాటుతోంది. ఎండలకేనా? ప్రాసెసర్ మార్చాలా?

మార్చొద్దు. కరెంటు తీసేసి, క్యాబినెట్ పక్క మూత విప్పి, ప్రాసెసర్ మీద కూర్చున్న హీట్ సింక్‌ని, అంటే దాని వేడిని లాగే లోహపు దిమ్మని, రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా కదిపి చూడండి. కదిలిందంటే జబ్బు అక్కడే.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఆ తిప్పలు నేను పడ్డాను కాబట్టి. మాది చీమకుర్తి, ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డులో వస్తే ఇరవై కిలోమీటర్లు. గెలాక్సీ గ్రానైట్ ఊరు. రాయి కోసినప్పుడు వచ్చే బురద ఎండి, లారీ పోయినప్పుడల్లా తెల్లటి పొడిగా లేస్తుంది. పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. నేను ఇంట్లోనే ఉండి నాలుగు పాలిషింగ్ యూనిట్లకి ట్యాలీలో లెక్కలు రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. నా కంప్యూటర్‌లో ఉన్నది ఇంటెల్ ఐ5 8400. అది తట్టుకునే హద్దు 100 డిగ్రీలు.

పోయినేడు జూన్ 10 రాత్రి. మృగశిర కార్తె వచ్చినా చినుకు లేదు. మర్నాడు జీఎస్టీఆర్-1కి, అంటే అమ్మకాల రిటర్నుకి, ఆఖరి రోజు. పదిన్నరప్పుడు స్క్రీన్ ఠక్కున ఆరిపోయింది. మళ్ళీ వేశాను, పది నిమిషాలకి మళ్ళీ పోయింది. మూడోసారి విండోస్ కూడా తెరుచుకోలేదు. అంతకు ముందు నెల రోజులుగా ట్యాలీ నత్తలా నడుస్తుంటే వైరస్ అనుకున్నాం. హద్దు దగ్గరికి వచ్చినప్పుడల్లా ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటోందనీ, అప్పటికీ వేడి దిగకపోతే మొత్తం ఆపేస్తుందనీ నాకప్పుడు తెలియదు. తెల్లారి ఒక యూనిట్ ఆఫీసులో కూర్చుని రిటర్నులు పూర్తి చేసేసరికి మధ్యాహ్నం మూడైంది, అన్నం కూడా తినలేదు.

తర్వాతి రోజు ఒంగోల్లో షాపుకి తీసుకుపోయాం. ఆ అబ్బాయి మూత కూడా పూర్తిగా విప్పలేదు. "ఎండలకి బోర్డు, ప్రాసెసర్ రెండూ పోయినయ్ మేడం, పద్నాలుగు వేలవుద్ది" అన్నాడు. మా ఆయన సరే అనబోతుంటే నేనే వద్దని వెనక్కి తెచ్చాను.

రాత్రి మా తమ్ముడు ఫోన్‌లో చెప్తూ నా చేత బయాస్, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెర, తెరిపించాడు. "అక్కా, టెంపరేచర్ అంకె చూస్తా ఉండు, ఎంతసేపట్లో పెరుగుద్దో చెప్పు" అన్నాడు. 58, 71, 84, 96. నిమిషం పట్టలేదు. "దుమ్ము పట్టితే నిదానంగా ఎక్కుద్ది. ఇట్టా దూకిందంటే హీట్ సింక్ ప్రాసెసర్‌కి ఆనుకోలేదు" అన్నాడు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, సగం రోగం తేలిపోతుంది.

విప్పి చూస్తే నిజమే. ఇంటెల్ డబ్బాలో వచ్చే కూలర్‌కి, అంటే హీట్ సింక్, ఫ్యాను కలిసినదానికి, నాలుగు మూలలా నల్ల ప్లాస్టిక్ పిన్‌లు ఉంటాయి. వాటిలో ఒకటి బోర్డు రంధ్రంలోంచి పైకి లేచి ఉంది. సంక్రాంతికి ముందు ఇంటికొచ్చి శుభ్రం చేసిన మనిషి ప్రాసెసర్‌కీ హీట్ సింక్‌కీ మధ్య పూసే పాత థర్మల్ పేస్ట్ మీదే మళ్ళీ బిగించి, మూడు పిన్‌లే నొక్కి పోయాడన్నమాట. ఆ పేస్ట్ పాత గోడ సున్నంలా పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. అడుగు వంకరపోయిన పెనం మీద దోసె ఒక పక్కే కాలినట్టు, రెండు లోహాల మధ్య గాలి దూరితే వేడి పైకి పోయే దారి ఉండదు. ఆ సందు పూడ్చడానికే పేస్ట్.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చి, మెత్తటి గుడ్డతో రెండు వైపులా లోహం మెరిసేదాకా తుడిచాను. కొత్త పేస్ట్ బఠాణీ గింజంత, మధ్యలో. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడదు. పిన్‌లని ఎదురెదురు మూలలు చొప్పున, టక్ మని వినిపించేదాకా నొక్కాలి. పిన్ తల దాని మీదున్న బాణం గుర్తు వైపు తిరిగి ఉంటే పట్టుకోదు, ముందు దాన్ని వెనక్కి తిప్పుకోవాలి. ఫ్యాను ఊడదీస్తే రేకుల మీద దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంది, పెయింట్ బ్రష్‌తో దులిపాను. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలు వేలితో పట్టుకోండి, గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. మీది ఏఎండీ అయితే కూలర్‌ని ఒక్కసారి పైకి లాగకండి, అటూ ఇటూ కొద్దిగా తిప్పుతూ తీయండి. పాత మోడళ్ళలో పేస్ట్‌కి అతుక్కుని ప్రాసెసర్ కూడా ఊడొస్తుంది.

అదే గది, అదే ఎండ. ట్యాలీ, బ్రౌజర్ రెండూ తెరిచి పెడితే 66 దగ్గర ఆగింది.

అందుకే ఎండని తిట్టడం నేను ఒప్పుకోను. గది 30 నుంచి 42కి ఎక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు ఆ పన్నెండు డిగ్రీలే ఎక్కుతుంది. 65 ఉన్నది 77 అవుతుంది, 97 కాదు. మూత తీసేసి టేబుల్ ఫ్యాను పెట్టమనే సలహా కూడా మా ఊళ్ళాంటి చోట ఇవ్వకండి. వారం తిరిగేసరికి బోర్డంతా రాతి పొడి.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది కంప్యూటర్ టేబుల్. కింద సీపీయూ కోసమని ఒక అర చేసి, మూడు వైపులా చెక్క, ముందు తలుపు, దానికో తాళం కూడా! క్యాబినెట్ వెనకనుంచి బయటికి తోసిన వేడిగాలి చెక్కకి కొట్టుకుని మళ్ళీ లోపలికే పోతుంది. టేబుల్ చేసేవాళ్ళని అడిగితే "అందరూ ఇట్టానే చేయించుకుంటారమ్మా" అంటారు. మా ఆయన చేత ఆ వెనక చెక్క రంపంతో కోయించాను, తలుపు పీకించాను. ఆ ఒక్కదానికే ఇంకో ఆరు డిగ్రీలు దిగింది.

మీది ఆన్ చేసిన ఎన్ని సెకన్లకి 90 చేరుతోందో, క్యాబినెట్ టేబుల్ అరలో ఉందో బయట ఉందో కింద రాయండి. నాలుగు పిన్‌లూ కనపడేలా ఒక ఫోటో పెడితే చూసి చెప్తాను.