బయోస్ జోలికి వెళ్లే ముందు

విజయనగరం,
ఆదివారం ఉదయం.

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు రాసినదంతా రెండుసార్లు చదివాను. కాశీబుగ్గలో ఆఫీసు తెరిచి ఏడాది నిండలేదు. జీడిపప్పు వ్యాపారుల లెక్కలన్నీ అడాప్టర్‌తో నడిచే ఆ చిన్న పెట్టె కంప్యూటర్ మీదే నడుస్తున్నాయి. అది రోజుకు రెండు మూడుసార్లు చెప్పాపెట్టకుండా ఆగిపోతోంది. జీఎస్టీ రిటర్ను సగంలో ఉండగా తెర నల్లబడితే ఎంత కంగారు పడి ఉంటావో నాకు తెలుసు. బయోస్ అప్‌డేట్ చేస్తే అన్నీ సర్దుకుంటాయని ఎవరో చెప్పారట, ఈ రాత్రికే చేసేయనా అని అడిగావు. వద్దు తల్లీ. కనీసం ఒక వారం దాని జోలికి వెళ్లకు.

ఎందుకు వద్దంటున్నానో విను. మదర్‌బోర్డు మీద చిటికెన వేలి గోరంత చిప్ ఒకటి ఉంటుంది, ఎనిమిది కాళ్లతో. మనం బయోస్ అంటున్న ఫర్మ్‌వేర్, అంటే యంత్రాన్ని నిద్రలేపే మొదటి ప్రోగ్రాం, ఉండేది అందులోనే. మీట నొక్కగానే ప్రాసెసర్ మొదట చదివేది దాన్నే. ర్యామ్‌ను ఎంత వేగంతో నడపాలో, ఫ్యాన్ ఎప్పుడు జోరు పెంచాలో, ప్రాసెసర్ ఎంత కరెంటు లాగవచ్చో అదే నిర్ణయిస్తుంది. అప్‌డేట్ అంటే ఆ చిప్‌ను చెరిపి మళ్లీ రాయడం. చెరిపిన తర్వాత, రాయడం పూర్తయ్యేలోపు యంత్రం ఆగిపోయిందా, ఇక చాలావాటికి లేచే దారి ఉండదు. నీ యంత్రం ఇప్పటికే రోజుకు మూడుసార్లు ఆగుతోంది. ఆ నాలుగోసారి సరిగ్గా ఆ రెండు నిమిషాల్లోనే రాదని ఎవరు హామీ ఇస్తారు? నిలకడ లేని యంత్రానికి నిలకడ తెప్పించాకే బయోస్ మార్చాలి.

ఇది నాకు నష్టపోయాక తెలిసిన విషయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. విజయనగరంలో మాకు రోజుల తరబడి కరెంటు లేదు. ఒక బడి ఆఫీసులోని చిన్న కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందని తెచ్చారు. షాపులో జనరేటర్ నడుస్తోంది కదా అని కొత్త బయోస్ ఎక్కించడం మొదలుపెట్టాను. 60 శాతం దాటాక తెర ఆరిపోయింది. జనరేటర్ మాత్రం నడుస్తూనే ఉంది. ఆగింది యంత్రమే, ఏ జబ్బుతో నా దగ్గరకు వచ్చిందో ఆ జబ్బుతోనే ఆగింది. ఆ తర్వాత మీట నొక్కితే నీలం దీపం వెలిగేది, ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగి ఆగేది, అంతే. చిప్‌కు క్లిప్పు తగిలించి ప్రోగ్రామర్ అనే పరికరంతో మళ్లీ రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ చిప్‌లో బయోస్ ఒక్కటే ఉండదమ్మా. చాలా యంత్రాల్లో క్రమసంఖ్య, నెట్‌వర్క్ చిరునామా, విండోస్ లైసెన్సు తాళం కూడా అందులోనే ఉంటాయి. వేరే యంత్రం నుంచి తీసిన ప్రతిని అందులో ఎక్కిస్తే ఇవన్నీ పోతాయి. బడి వాళ్ల పరీక్షల రుసుము లెక్కలు డిస్కులో భద్రంగా ఉన్నాయి కాబట్టి సరిపోయింది. అసలు జబ్బు ఏమిటో తెలుసా? అడాప్టర్.

అందుకే ఈ ఉత్తరం చదవడం అయ్యాక మొదట చేయాల్సింది లెక్కల బ్యాకప్. ఒక పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఆఫీసు బయట ఇంకొకటి. అది అయ్యేదాకా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు.

రెండోది నోటుబుక్కు. ఆగిన ప్రతిసారీ తేదీ, సమయం, అప్పుడు ఏ పని జరుగుతోంది, తెర ఎలా ఆగింది అన్నది రాయి. "ఆగిపోయింది" అన్న ఒక్క మాటలో నాలుగు వేరువేరు జబ్బులు దాగి ఉంటాయి. తెర మీది బొమ్మ అలాగే బిగుసుకుపోయి మౌస్ కదలకపోవడం ఒకటి. నీలం తెర మీద అక్షరాలు రావడం ఒకటి. ఏమీ చూపకుండా తనంతట తానే మళ్లీ మొదలవడం ఒకటి. దీపంతో సహా పూర్తిగా ఆరిపోవడం ఇంకొకటి. పూర్తిగా ఆరిపోతే ముందు కరెంటును అనుమానిస్తాను. నీలం తెర ప్రతిసారీ వేరు వేరు కోడ్‌తో వస్తుంటే ర్యామ్‌ను అనుమానిస్తాను. ఒకే కోడ్ వస్తుంటే డ్రైవర్, అంటే ఏదో ఒక పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, కావచ్చు. నువ్వు రాసినదాంట్లో ఈ వివరమే లేదు. చెప్పకపోతే నేను ఇక్కడ కూర్చుని ఊహించడం తప్ప చేయగలిగింది లేదు.

విండోస్‌లో రిలయబిలిటీ మానిటర్ అని ఉంటుంది. స్టార్ట్ మెనూలో ఆ పేరు కొట్టి తెరువు. ఏ రోజున ఏది విఫలమైందో, ఏ రోజున ఏ సాఫ్ట్‌వేర్ వచ్చి చేరిందో పక్కపక్కనే చూపిస్తుంది. విండోస్ జరిగినవన్నీ రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్‌లో "కెర్నల్-పవర్ 41" అని కనిపిస్తే భయపడకు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా యంత్రం ఆగిందని మాత్రమే దాని అర్థం, ఎందుకు ఆగిందో అది చెప్పదు. ఆ సంఖ్య చూసి అడాప్టర్లు మార్చినవాళ్లనూ చూశాను, విండోస్ మళ్లీ ఎక్కించినవాళ్లనూ చూశాను. "డబ్ల్యూ-హెచ్-ఈ-ఏ లాగర్" పేరుతో ఏవైనా ఉంటే మాత్రం ఫోటో తీసి పంపు. హార్డ్‌వేర్ తన బాధ తానే చెప్పుకునే చోటు అది.

ఇక నువ్వు మాటల మధ్యలో రాసిన రెండు సంగతుల దగ్గర నేను ఆగిపోయాను. వేసవిలో ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించావు. గత నెల లేజర్ ప్రింటర్ కొన్నావు. నీకు ఇవి చిన్న విషయాల్లా అనిపించాయి, నాకు అసలు కథ అక్కడే ఉందనిపిస్తోంది.

ముందు ప్రింటర్ సంగతి. అది దేనికి తగిలించావు? యూపీఎస్‌కే అయితే ఈ రోజే తీసేయి. లేజర్ ప్రింటర్‌లో కాగితం మీద పొడిని కరిగించి అతికించే హీటరు ఉంటుంది. అది వేడెక్కే క్షణంలో వందల వాట్లు లాగుతుంది. ఆఫీసుల్లో మనం పెట్టుకునే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లే. కరెంటు ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. సరఫరా పోయి యూపీఎస్ బ్యాటరీ మీదకు వచ్చిన సమయంలో ప్రింట్ కొట్టావంటే బరువు మోయలేక అది చేతులెత్తేస్తుంది, దాంతో పాటు కంప్యూటర్ కూడా పోతుంది. ప్రింటర్‌ను గోడ సాకెట్‌కే నేరుగా పెట్టు. యూపీఎస్ మీద కంప్యూటర్, మానిటర్, నెట్ రూటర్ ఉంటే చాలు.

తర్వాత అడాప్టర్. ఈ చిన్న యంత్రాల్లో చాలావాటికి 19 వోల్టుల అడాప్టరే ఉంటుంది. వోల్టేజి ఒకటే, పిన్ను ఒకటే, వాట్లు మాత్రం వేరు. 90 వాట్లది పోతే దుకాణంలో 65 వాట్లది అంటగడతారు, చక్కగా పడుతుంది, యంత్రం లేస్తుంది, ఉదయమంతా బాగానే పనిచేస్తుంది. పెద్ద ఫైలు తెరిచినప్పుడో, రెండో మానిటర్ తగిలించినప్పుడో ప్రాణం వదులుతుంది. దాని మీద అంటించిన చీటీలో వోల్టులు, ఆంపియర్లు చదివి రెండూ గుణించు. 19 వోల్టులు, 3.42 ఆంపియర్లు అని ఉంటే అది 65 వాట్లది. యంత్రం అడుగున ఎంత కావాలని రాసి ఉందో చూడు. మల్టీమీటర్‌తో ఊరికే కొలిస్తే నలిగిపోయిన అడాప్టర్ కూడా 19 చూపిస్తుంది, దాని నిజం బయటపడేది బరువు పడ్డప్పుడే. వీలైతే అదే వాట్ల మంచి అడాప్టర్ ఒకటి రెండు రోజులు అడిగి తెచ్చుకుని నడిపి చూడు.

ఇప్పుడు ర్యామ్. ర్యామ్‌ను పరీక్షించడానికి మెమ్‌టెస్ట్86ప్లస్ అని ఉచితంగా దొరికే సాధనం ఉంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ పెన్‌డ్రైవ్ నుంచి యంత్రాన్ని లేపి, రాత్రంతా నడవనివ్వు. పొద్దున చూసేసరికి ఒక్క తప్పు కనిపించినా అది తప్పే. వేల కోట్ల అంకెల్లో ఒక్కటే కదా అని వదిలేయకు, ఆ ఒక్క అంకె రేపు ఎవరి ఇన్వాయిస్‌లో పడుతుందో తెలియదు. తప్పులు వస్తే కొత్త ముక్క తీసేసి పాతదానితో ఒక రాత్రి, పాతది తీసేసి కొత్తదానితో ఇంకో రాత్రి నడుపు. రెండూ విడివిడిగా బాగుండి కలిపితే తప్పులు వస్తుంటే ఆ రెంటికీ పొత్తు కుదరడం లేదని అర్థం. పెట్టెలో ఒకే రకం జత పెట్టుకోవడం మేలు.

ముక్కను బయటకు తీసినప్పుడు దాని బంగారు రంగు అంచు వెలుతురుకు పట్టి చూడు. మన తీరం గాలిలో ఉప్పు ఉంటుంది. భావనపాడు వైపు నుంచి నా దగ్గరకు వచ్చిన యంత్రాల్లో ఆ అంచులు మసకబారి, పాత పావలా బిళ్లలా ఉండేవి. పెన్సిల్ చెరిపే తెల్లని రబ్బరుతో ఒకే దిక్కుగా మెల్లగా రుద్ది, పొట్టు పూర్తిగా దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి, ఆరాక పెట్టు. పెట్టేటప్పుడు వాలుగా దూర్చి కిందకు నొక్కితే రెండు పక్కలా "టిక్" మని పట్టాలి. ఒక పక్కే పట్టిన ర్యామ్‌తో నెలలు నడిచి, ఒకరోజు బల్ల కదిలినప్పుడు ఆగిపోయిన యంత్రాలు ఉన్నాయి. ఇదంతా అడాప్టర్ పీకేసి, మీట ఓ పది సెకన్లు నొక్కి పట్టుకున్నాకే.

పెట్టె తెరిచావు కాబట్టి ఫ్యాన్ కూడా చూసుకో. దాని నోటి దగ్గర, సన్నని రేకుల మధ్య, దుమ్ము గుడ్డపేలికలా అల్లుకుని ఉంటుంది. జీడి గింజలు ఆడించే ఊరు అది, గాలిలో పొట్టు తక్కువ ఉండదు. రెక్కను అగ్గిపుల్లతో తిరగకుండా ఆపి, మెత్తని కుంచెతో దులుపు. నిజానికి వేడి ఒక్కసారిగా చంపదు. ప్రాసెసర్ 100 డిగ్రీల దరిదాపుల్లోకి వస్తే తన వేగం తానే తగ్గించుకుంటుంది, అంటే ముందు నత్తనడక, ఫ్యాన్ రొద, ఆ తర్వాతే ఆగడం. నువ్వు నత్తనడక గురించి ఏమీ రాయలేదు కాబట్టి నా అనుమానం దీని మీద తక్కువ. అయినా యంత్రం మానిటర్ వెనక బిగించి ఉంటే బల్ల మీదకు దించు.

గడియారం వెనక్కు పోతోందా? కరెంటు తీసేసిన మర్నాడు పాత తేదీ చూపిస్తుంటే, బ్యాంకు సైట్లూ జీఎస్టీ సైటూ భద్రత లేదని తెరుచుకోకపోతే, అది బిళ్ల బ్యాటరీ అయిపోవడమే. 3 వోల్టుల సీఆర్2032. ఈ చిన్న పెట్టెల్లో చాలాసార్లు రెండు తీగలతో, ప్లాస్టిక్ తొడుగులో ఉంటుంది, మామూలు బిళ్ల పట్టదు. తీగలున్నదే అడిగి తీసుకో.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా యంత్రం ఏ పనీ లేకుండా ఖాళీగా ఉన్నప్పుడే బిగుసుకుపోతోందని నీ నోటుబుక్కు చెబితే, అప్పుడు ఫర్మ్‌వేర్ వైపు చూద్దాం. ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడు సీ-స్టేట్లు అనే నిద్రలోకి జారుతుంది. ఆ నిద్ర నుంచి సరిగ్గా లేవలేక బిగుసుకుపోయిన యంత్రాలు చాలానే ఉన్నాయి. ఇంటెల్ బే ట్రెయిల్ తరం ప్రాసెసర్లు లినక్స్ మీద ఇలాగే ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టాయి. బయోస్‌లో లోతు సీ-స్టేట్లు ఆపి రెండు రోజులు చూడు. జబ్బు పోతే, మందు కొత్త బయోస్‌లో ఉండే అవకాశం ఉంది. కొన్నిసార్లు బయోసే అసలు మందు కూడా. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు వోల్టేజి లోపం బయటపడినప్పుడు సవరణ బయోస్ ద్వారానే వచ్చింది. అయితే అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను అది బాగుచేయలేదు. నీ పెట్టెలో ఉన్నది లాప్‌టాప్ తరహా ప్రాసెసర్ కాబట్టి ఆ గొడవ నీకు లేదు.

అప్‌డేట్ చేసే రోజు వస్తే, కొత్త వెర్షన్‌లో ఏం మార్చారో తయారీదారు ఇచ్చిన చీటీ ముందు చదువు. అందులో నీ బాధకు దగ్గరి మాట ఒక్కటైనా లేకపోతే ఎక్కించకు. మోడల్ పేరు అక్షరం పొల్లుపోకుండా సరిచూసుకో, చివర ఒక్క అక్షరం తేడాతో వేరే బోర్డులు ఉంటాయి. బయోస్ తెరలన్నీ ఫోనులో ఫోటోలు తీసుకో. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే రికవరీ తాళం కాగితం మీద రాసిపెట్టుకుని, బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా ఆపు, లేదంటే లేచాక నీ డిస్కే నిన్ను లోపలికి రానివ్వదు. యూపీఎస్ మీద, పొద్దున్నే, వాన లేని రోజున చేయి. లాప్‌టాప్‌కైతే లోపల బ్యాటరీ ఉంటుంది, దీనికి లేదు. 2018లో తిత్లీ తుఫాను మీ పలాస తీరాన్ని తాకాక మీ ఇంట్లో ఎన్ని రోజులు చీకటో నీకు గుర్తుండే ఉంటుంది. మన జిల్లాల్లో అక్టోబరు, నవంబరు ఈ పనికి నెలలు కావు. రాయడం అయ్యాక తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండవచ్చు, ముఖ్యంగా డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్ ఉంటే. కొత్త బయోస్ ఆ ర్యామ్‌ను మొదటి నుంచి పరిచయం చేసుకుంటుంది. అప్పుడు ఓపిక పట్టలేక మీట నొక్కినవాళ్లే ఎక్కువగా నా షాపు మెట్లెక్కారు. పది నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చో.

ఒక్క రోజున ఒక్క మార్పే చేయి తల్లీ. ప్రింటర్ తీసి, ర్యామ్ మార్చి, బయోస్ ఎక్కించి, అన్నీ ఒకే పూట చేస్తే యంత్రం బాగుపడినా దేనివల్లో మనకు తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు మొదటికే రావాలి. ఈ రోజు ప్రింటర్ ప్లగ్గు మార్చు. బుధవారం దాకా ఇంకేమీ ముట్టుకోకు. బుధవారం రాత్రి నోటుబుక్కు పేజీ ఫోటో పంపు.

అప్పటికీ తేలకపోతే వచ్చే ఆదివారం పలాస ప్యాసింజర్‌లో ఇక్కడికి తీసుకురా. గంటస్తంభం దగ్గరి షాపు ఆ రోజు నీ కోసమే తెరుస్తాను, భోజనం అత్తయ్య చూసుకుంటుంది. పెట్టెతో పాటు దాని అడాప్టర్, గోడకు పెట్టే తీగ, తీసిన పాత ర్యామ్ ముక్క, యూపీఎస్ మీద రాసి ఉన్న అంకెల ఫోటో తప్పకుండా తీసుకురా. చాలామంది పెట్టె ఒక్కటే తెస్తారు, జబ్బును ఇంట్లోనే వదిలేసి వస్తారు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మావయ్య