పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు: వీధికెక్కిన తెల్లకాగితం

ప్రశ్న: జపానులోని మినామిసాన్రికు పట్టణంలో ఇళ్ల ముందు, దుకాణాల ముందు బొమ్మలు కోసిన తెల్లకాగితాలు వేలాడుతున్న ఫొటో చూశాను. అది ఏ కళ? తెలుగువారూ ఒడియావారూ కలిసి ఉండే మా వీధిలో రథయాత్రకు అటువంటివి కట్టవచ్చునా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: వాటిని ‘కిరికో’ అంటారు. ఈశాన్య జపానులోని మియాగి తీరప్రాంతంలో షింతో (జపానువారి సొంత సంప్రదాయ మతం) ఆలయ పూజారులు తెల్లకాగితం మీద చేప, బియ్యపు ముద్ద, మద్యపాత్ర వంటి నైవేద్య వస్తువుల రూపాలు కోసి, కొత్త సంవత్సరానికి ఇళ్లలోని దేవుని అర దగ్గర కట్టుకొనేందుకు ఇస్తారు. 2010లో మినామిసాన్రికు స్త్రీలు ఇంటింటికీ వెళ్లి, ఆ ఇంటివారి వృత్తినీ జ్ఞాపకాలనూ అడిగి తెలుసుకొని, వాటినే బొమ్మలుగా కోసి గుమ్మాల ముందు వేలాడదీయడంతో ఈ కాగితం వీధికెక్కింది. మరుసటి ఏడాది మార్చి 11న సునామీ ఆ పట్టణాన్ని ఊడ్చుకుపోయింది. ఆ తరువాత, ఇళ్లు కొట్టుకుపోయిన స్థలాల్లో అవే బొమ్మలను పలకల మీద నిలబెట్టారు.

జపానులోనే, వరి పండని కోయా అనే కొండ మీద కథ వేరు. జపానులో కొత్త సంవత్సరానికి గుమ్మాలకు గడ్డితాడు కట్టడం ఆచారం కాగా, గడ్డి దొరకని ఆ కొండవాసులు ‘హోరాయి’ అనే కాగితపు కోతను వేలాడదీస్తారు.

ఈ కోతలన్నిటిలోనూ చూడవలసింది కోసి తీసిన ఖాళీని కాదు, తీయకుండా వదిలిన సన్నని కట్లను. ఒక్క కట్టు తెగినా బొమ్మ రాలిపోతుంది. బట్టల మీద అద్దకానికి వాడే, జపానులోని ఇసె ప్రాంతపు కాగితపు అచ్చుల్లో పొడవైన నారగల కాగితాలను పచ్చి పెర్సిమన్ పండ్ల రసంతో పొరలుగా అతికిస్తారు. మరీ సన్నని గీతలు కదలకుండా పొరల మధ్య పట్టుదారాలు వేసే పద్ధతీ ఉండేది.

ఇక మీ వీధి మాట. రథయాత్ర ఆషాఢంలో వస్తుంది కనుక ఆరుబయట మామూలు కాగితం కట్టడం వానకు వదిలేయడమే. సంక్రాంతి నయం, అప్పుడైనా చూరు కిందో, దుకాణం అద్దం వెనుకో కట్టండి. బొమ్మలు మాత్రం జపాను చేపలు కానక్కరలేదని నా అభిప్రాయం. మీ ఊరి పేరు మోసిన కొమ్ము బొమ్మలున్నాయి, దర్జీ కత్తెర ఉంది, కిరాణా త్రాసు ఉంది. ఏ ఇంటి బొమ్మ ఏదో ఆ ఇంటివారినే అడగండి. కోసేటప్పుడు లోపలి చిన్న ముక్కలను ముందు తీసి, బయటి అంచును చివరికి ఉంచండి. అంచు ముందే తెగితే కాగితం చేతిలో నిలవదు.