మెటలోథయోనిన్ విచ్ఛిన్నమైతే అందులోని లోహం ఎక్కడికి పోతుంది?

జింకును, కాడ్మియాన్ని పట్టి ఉంచే మెటలోథయోనిన్ అనే ప్రోటీన్ జంతువుల కణజాలాల్లో ఎలా విచ్ఛిన్నమవుతుంది, దానితోపాటు లోహం కూడా శరీరం నుంచి పోతుందా అని అడిగారు. రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను, అసలు సంగతి అక్కడే ఉంది. కాడ్మియం అంత సులువుగా పోదు. ప్రోటీన్ పుడుతుంది, విరిగిపోతుంది, మళ్లీ పుడుతుంది. కాడ్మియం మాత్రం కణాన్ని అంత త్వరగా వదలదు.

పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు మేం ఎలుక కాలేయంలో ఈ ప్రోటీన్‌ను రెండు రేడియోధార్మిక గుర్తులతో వెంబడించాం. ప్రోటీన్‌కు గంధకం-35 ఉన్న సిస్టీన్ (గంధకం ఉండే అమైనో ఆమ్లం), లోహానికి కాడ్మియం-109. దీన్ని వేరుచేసే పద్ధతి నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. నూరిన కాలేయం తేటను 80 డిగ్రీల దాకా వేడిచేస్తే మిగతా ప్రోటీన్లు చాలావరకు తెల్లగా గడ్డకట్టి అడుగుకు దిగిపోతాయి. మెటలోథయోనిన్ చెక్కుచెదరకుండా పైన ద్రవంలోనే ఉంటుంది. ఆ ద్రవాన్ని జెల్ నింపిన గాజు గొట్టం గుండా పంపి, చుక్కచుక్కగా దిగేదాన్ని చిన్న గొట్టాల్లో వరుసగా పట్టాలి. మామూలుగా ప్రోటీన్ల కోసం చూసే 280 నానోమీటర్ల దగ్గర ఇది కనబడదు, ఆ కాంతిని పీల్చే అమైనో ఆమ్లాలు ట్రిప్టోఫాన్, టైరోసిన్ ఇందులో లేవు. 250 దగ్గర చూస్తే కాడ్మియం, గంధకం బంధం దాన్ని పట్టిస్తుంది.

మొదట తీసిన కాలేయాల్లో రెండు గుర్తులూ ఒకే గొట్టాల్లో, ఒకే శిఖరంగా వచ్చాయి. తర్వాతి రోజుల్లో తీసినవాటిలో గంధకం లెక్క దిగుతూ పోయింది. కాడ్మియం లెక్క దాదాపు కదలలేదు. శిఖరం చోటు కూడా మారలేదు, అంటే కాడ్మియం అప్పటికీ మెటలోథయోనిన్‌లోనే ఉంది. కాని అది అదే ప్రోటీన్ అణువు కాదు! పాతది విరిగింది. విడుదలైన కాడ్మియం కొత్త మెటలోథయోనిన్ తయారయ్యేలా జన్యువును పురికొల్పి, అందులోకే చేరింది. గ్రాఫు మీద ఒక గీత వాలిపోతూ, ఇంకొకటి అడ్డంగా సాగిపోతూ ఉంటే గదిలో ఉన్నవాళ్లమంతా దాని చుట్టూ చేరాం. పది వ్యాసాలు చదివినా రాని స్పష్టత ఆ రెండు గీతల్లో వచ్చింది.

ఇక విచ్ఛిన్నం సంగతి. అరవైకి కాస్త అటూఇటూ అమైనో ఆమ్లాలున్న చిన్న గొలుసు ఇది. అందులో 20 సిస్టీన్లే. వాటి గంధకాలు ఏడు జింకు లేదా కాడ్మియం అయాన్లను రెండు గుత్తులుగా బిగించి పట్టుకుంటాయి. లోహం ఉన్నంతసేపు ఎంజైములకు కోసే సందు దొరకదు. లోహం ఊడితే అది చిక్కు విప్పిన దారంలా వదులైపోతుంది, కాథెప్సిన్ల వంటి ఎంజైములు సులువుగా తెంపేస్తాయి. కాబట్టి ఈ ప్రోటీన్ ఆయుష్షును నిర్ణయించేది అందులో ఉన్న లోహమే. ఈ ఎంజైములుండే లైసోసోమ్ (కణంలో పాతవాటిని అరిగించే సంచి) లోపల పీహెచ్ 4.5 నుంచి 5 వరకు ఉంటుంది. ఆ ఆమ్లానికి జింకు పట్టు సడలుతుంది, కాడ్మియానిది అంతగా సడలదు, రాగిది అసలు సడలదు. ఎలుక కాలేయంలో జింకు ఉన్న రూపం ఒక రోజులోపే సగానికి తగ్గుతుంది, కాడ్మియం ఉన్నదానికి దాదాపు మూడు రోజులు పడుతుంది. ఇంత తేడా ఉన్నా, ఏ లోహమో చెప్పకుండా 'మెటలోథయోనిన్ అర్ధాయువు' అని ఒకే అంకె వేసే పట్టికలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ అంకెకు అర్థమే లేదు.

ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. విరగ్గొట్టాల్సిన ప్రోటీన్లకు కణం తగిలించే గుర్తు యూబిక్విటిన్, అలా గుర్తు పడ్డవాటిని తెంపే యంత్రం ప్రోటియసోమ్. 2004లో యూబిక్విటిన్ పరిశోధనకు నోబెల్ వచ్చినప్పటి నుంచి ప్రోటీన్ విచ్ఛిన్నం అనగానే అందరూ ప్రోటియసోమ్ వైపే చూస్తున్నారు. లోహం లేని మెటలోథయోనిన్‌ను అది కూడా తెంపగలదు, కాదనను. కాని కాలేయంలో సింహభాగం లైసోసోమ్‌దే అని నా గట్టి నమ్మకం. వంశపారంపర్యంగా రాగిని బయటికి పంపలేని బెడ్లింగ్టన్ టెర్రియర్ కుక్కలను చూడండి. వాటి కాలేయ కణాల్లో మెటలోథయోనిన్‌ను అంటిపెట్టుకున్న రాగి గుట్టలుగా పేరుకునేది లైసోసోమ్‌లలోనే.

మూత్రపిండం దగ్గర కథ విషాదంగా మారుతుంది. 1957లో మార్గోషెస్, వాలీ అనే శాస్త్రవేత్తలు ఈ ప్రోటీన్‌ను మొదట కాడ్మియంతో సహా గుర్రపు మూత్రపిండం నుంచే తీశారు. కాలేయం నుంచి రక్తంలోకి జారిన మెటలోథయోనిన్ చిన్నది కావడంతో మూత్రపిండంలో సులువుగా వడపోతలోకి దిగుతుంది. అక్కడి నాళికల కణాలు దాన్ని తిరిగి లోపలికి లాగి లైసోసోమ్‌లకు అప్పగిస్తాయి. ప్రోటీన్ తెగుతుంది, కాడ్మియం విడుదలవుతుంది. కణం కొత్త మెటలోథయోనిన్‌ను తగినంత వేగంగా చేసుకోలేకపోతే దెబ్బతింటుంది. అందుకే ఎలుకలకు కాడ్మియాన్ని ఉప్పుగా ఎక్కించినప్పటి కంటే మెటలోథయోనిన్‌కు కట్టి ఎక్కించినప్పుడు మూత్రపిండం చాలా తక్కువ మోతాదుకే పాడవుతుంది. కాలేయాన్ని కాపాడిన ప్రోటీనే ఇక్కడ విషాన్ని మోసుకొస్తుంది.

'శరీరంలోని లోహాలను వారంలో కడిగేస్తాం' అని పొడులు అమ్మేవారు ఇవేవీ చెప్పరు. మనిషి మూత్రపిండంలో కాడ్మియం సగానికి తగ్గడానికి 10 నుంచి 30 ఏళ్లు పడుతుందని అంచనా. మన చేతిలో ఉన్నది లోపలికి వచ్చేదాన్ని తగ్గించడమే, పొగ తాగేవారికి అందులో పెద్ద వాటా పొగాకు నుంచే వస్తుంది.