కమిట్ కొట్టకపోయినా కమిట్ అయిపోద్ది

ప్రశ్న: సార్ నమస్తే, మాది గుంటూరు, బ్రాడీపేటలో కోచింగ్‌కి వెళ్తున్నా. వచ్చే నెల ఒరాకిల్ డేటాబేస్ వాళ్ళ ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌తో మాట్లాడే భాష) ఎగ్జామ్ 1జెడ్0-071 రాస్తున్నా. డీడీఎల్, డీఎంఎల్, డీసీఎల్, టీసీఎల్ అని కమాండ్ల రకాల లిస్టు మొత్తం బట్టీ కొట్టేశా, అయినా మాక్ టెస్టుల్లో ట్రంకేట్ దగ్గర, సెలెక్ట్ దగ్గర తప్పు పోతోంది. టేబుల్లో డేటా చూపించే సెలెక్ట్‌ని ఒక నోట్సులో డీక్యూఎల్ (అంటే ప్రశ్న అడిగే రకం) అన్నారు, ఇంకోదాంట్లో డీఎంఎల్ అన్నారు. ఏది రైటు సార్?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: చూడమ్మా, బట్టీ కొట్టడం వల్లే వచ్చింది ఈ తిప్పలంతా. మీ ఊరి మిర్చి యార్డే తీసుకో. లాట్లు అని ఒక టేబుల్, అందులో లాట్ నంబరు, రకం, టిక్కీలు (మిర్చి బస్తాలు), ధర. ఆ టేబుల్‌ని కట్టేది క్రియేట్, తర్వాత తేమ శాతం అని ఇంకో కాలమ్ కలపాలంటే ఆల్టర్, టేబులే వద్దంటే డ్రాప్, ఇవన్నీ డీడీఎల్, అంటే టేబుల్ కట్టడాన్ని చూసుకునేవి. పొద్దున తేజ రకం 40 టిక్కీలు దిగాయి, ఇన్సర్ట్. మళ్ళీ లెక్కపెడితే 42 ఉన్నాయి, అప్‌డేట్. రైతు ధర నచ్చక సరుకు వెనక్కి తీసుకెళ్ళాడు, డిలీట్. ఇవి డీఎంఎల్, అంటే లోపలి డేటాతో పనిచేసేవి. గుమస్తాకి టేబుల్ చూసే హక్కు ఇస్తే గ్రాంట్, తీసేస్తే రివోక్, అది డీసీఎల్, దాని మీద ఎక్కువ టైమ్ పెట్టకు.

నిన్ను తిప్పలు పెట్టేది టీసీఎల్, అంటే కమిట్, రోల్‌బ్యాక్, సేవ్‌పాయింట్. చేసిన మార్పుల్ని ఖాయం చేసేది కమిట్, ఇంకా ఖాయం కానివాటిని వెనక్కి తీసుకునేది రోల్‌బ్యాక్, ఎక్కడిదాకా వెనక్కి రావాలో పెట్టుకునే గుర్తు సేవ్‌పాయింట్. ఒరాకిల్‌లో ఏ డీడీఎల్ కొట్టినా దానికి ముందోసారి, తర్వాతోసారి తనంతట తనే కమిట్ చేసేసుకుంటుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇక్కడే విజయవాడలో, ఏ వరసలో చెప్పే వేర్ షరతు పెట్టకుండా డిలీట్ కొట్టేశా, అప్పుడు రోల్‌బ్యాక్ అంటే సరిపోయేది, కానీ కంగారులో మిగతా టేబుళ్ళ డేటా అన్నా కాపాడదామని ఇంకో టేబుల్‌కి కాపీ తీద్దామని క్రియేట్ కొట్టా, అంతే, డిలీట్ ఖాయమైపోయింది, రాత్రి రెండింటి దాకా కూర్చుని బిల్లులు చూసి మళ్ళీ ఎక్కించాం.

ట్రంకేట్‌ది కూడా ఇదే కథ. డిలీట్ లాగా వరసలు ఒక్కొక్కటే తీయదు, టేబుల్ మొత్తాన్ని ఒక్క దెబ్బకి ఖాళీ చేసుద్ది, వేర్ ఒప్పుకోదు, డిలీట్ జరిగితే తమంతట తామే నడిచే ట్రిగ్గర్లు కదలవు, ఒరాకిల్‌లో అది డీడీఎల్ కాబట్టి రోల్‌బ్యాక్ కూడా అవ్వదు. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో అయితే ట్రాన్సాక్షన్ (కలిపి ఖాయం చేసే పనుల గుంపు) లోపల ఉంటే ట్రంకేట్‌ని కూడా రోల్‌బ్యాక్ చేయొచ్చు, కాబట్టి నెట్‌లో దొరికిన ప్రశ్న ఏ డేటాబేస్‌దో చూసి మరీ చదువు.

సెలెక్ట్ సంగతి, ఒరాకిల్ సొంత డాక్యుమెంటేషన్ దాన్ని డీఎంఎల్‌లోనే పెట్టింది, నీ ఎగ్జామ్ ఒరాకిల్‌దే కాబట్టి అదే పట్టుకో. అన్నట్టు గ్రాంట్, రివోక్‌లని కూడా ఒరాకిల్ డీడీఎల్‌లోనే లెక్కేసుద్ది, అంటే మధ్యలో గ్రాంట్ కొట్టినా అంతకుముందు చేసినవన్నీ కమిట్ అయిపోతాయి.

ఇవాళే ఒక పని చెయ్. ఒరాకిల్‌కి కమాండ్లు ఇచ్చే ఎస్‌క్యూఎల్ ప్లస్‌ని రెండు విండోల్లో ఒకే యూజర్‌తో తెరువు, పైన చెప్పిన లాట్లు టేబుల్ ముందే కట్టుకో. మొదటిదాంట్లో లాట్లులోకి మూడు వరసలు ఇన్సర్ట్ చెయ్, రెండోదాంట్లో సెలెక్ట్ కొట్టు, కనపడవు. ఇప్పుడు మొదటిదాంట్లో ఊరికే ఏదో ఒక చిన్న టేబుల్ క్రియేట్ చేసి రెండోదాంట్లో మళ్ళీ చూడు, మూడూ వచ్చి కూర్చుంటాయి, ఇక నువ్వు రోల్‌బ్యాక్ అన్నా కదలవు. ఈలోపు మొదటి విండోలో మాత్రం ఎగ్జిట్ కొట్టకు, అది కొట్టినా కమిట్ అయిపోద్ది.