చాటుమాటుగా అంటే రహస్యంగా అనేనా?

పూర్తిగా కాదు: ఎవరైనా చూస్తే తప్పుపడతారన్న జంకుతో, ఒకరి కంట పడకుండా చేసే పనినే చాటుమాటుగా చేయడం అంటారు.

ఈ మాటలో రెండు సగాలకూ అర్థం ఉంది. చాటు అంటే మరుగు: తలుపు చాటు, చెట్టు చాటు, కొంగు చాటు. మాటు అంటే అదను కోసం పొంచి ఉండే చోటు; మాటు వేయడం అంటాం కదా, అదే. దాక్కోవడం, కాచుకోవడం రెండూ కలిశాయి కాబట్టే ఇందులో దొంగబుద్ధి ధ్వనిస్తుంది. రహస్యానికి ఆ మచ్చ లేదు. ఓటు రహస్యంగా వేస్తాం, చాటుమాటుగా కాదు.

సంక్రాంతికి వరంగల్ వైపు ఇళ్లల్లో సకినాలు చేసి డబ్బాలకెత్తుతారు. వంటింట్లో ఎవరూ లేని సమయం చూసి, స్టీలు మూత చప్పుడు కాకుండా అరచేత్తో అదిమి తీసి, రెండు సకినాలు అంగీ కింద దాచుకుని పిల్లవాడు దొడ్డివైపు జారుకుంటే అది చాటుమాటు. ఇంటి అప్పు సంగతి వాళ్లమ్మ బయట చెప్పకపోతే అది గుట్టు. గుట్టుగా ఉండటం మెచ్చుకోదగ్గదే.

చాలామంది పొరబడేది చాటింపు దగ్గర. డప్పు కొట్టి ఊరంతా చాటడంలోని చాటు వేరే మాట, అర్థం సరిగ్గా ఎదురు: అందరికీ తెలిసేలా చెప్పడం. చాటు పద్యంలోది సంస్కృతం నుంచి వచ్చింది, ఇంపైన పలుకు అని అర్థం. మాటుకూ మనం మాట్లాడే మాటకూ కూడా సంబంధం లేదు.