ఫొటోలు తీసేయిస్తే అమ్మాయి మాట్లాడుతుందా?

ఇథియోపియా దక్షిణాన ఉన్న ఆర్బా మించ్‌లో ఆరేళ్లకు పైగా పాఠాలు చెబుతున్న ఒక లెక్చరర్ రాసిన ఉత్తరమిది. భర్త, అత్తగారు, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న కూతురు విజయవాడలో ఉంటారు. ఈ సంక్రాంతికి సెలవు దొరకలేదని ఇంట్లో చెప్పి, దొరికిన నాలుగు రోజుల్లో తోటి అధ్యాపకులతో కలిసి రాజధాని అడిస్ అబాబా వెళ్లి, అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు యేసు బాప్తిస్మానికి గుర్తుగా జరుపుకునే టిమ్కత్ పండుగ చూసి వచ్చారు. వారిలో ఒకరు ఫేస్‌బుక్‌లో పెట్టిన ఫొటోలు అమ్మాయి కంటపడ్డాయి. 'ఆ ఫొటోలు తీసేయమని అతన్ని అడగనా? ఇకముందు సెలవుల్లో ఎక్కడికైనా వెళ్లాలంటే మా అత్తగారికి ఏమని చెప్పుకోవాలి?' అని అడుగుతున్నారు.

మీ రెండు ప్రశ్నలకూ ముందే జవాబు చెప్పేస్తాను. ఫొటోలు తీసేయించనక్కర్లేదు. అత్తగారికి నిజమే చెప్పండి. ఆ రెంటి గురించీ ఇంతకు మించి ఆలోచించవలసింది లేదు. అసలు సంగతి మీ ఉత్తరంలో చివరి పేజీ అడుగున ఒక్క వాక్యంలో ఉంది: 'పాప అప్పటినుంచి ఫోనులో ఊఁ, ఆఁ అనడం తప్ప మాట్లాడటం లేదు, పరీక్షల ఒత్తిడి అనుకుంటాను.' ఒత్తిడి కాదమ్మా. అది మీకూ తెలుసు కాబట్టే నాకు రాశారు.

ఉత్తరంలో మిగతాదంతా నేను ఇష్టంగా చదివాను. డోర్జె కొండ మీద ఏనుగు తలలా కనిపించే ఎత్తయిన వెదురు ఇళ్లు, ఆ ఊరి నేతగాళ్లు, చామో సరస్సు ఒడ్డున పడవకు బారెడు దూరంలో నోరు తెరిచి పడుకున్న మొసళ్లు, బుధ, శుక్రవారాల్లో అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు మాంసం, పాలు, వెన్న ముట్టకుండా ఉపవాసం ఉంటే ఆ రెండు రోజులూ హోటళ్లలో మీకు నిశ్చింతగా దొరికే షిరో అనే శనగపిండి కూర, ఎర్రపప్పు కూర. ఇంత చక్కగా చూసి, ఇంత చక్కగా రాయగలిగిన మనిషి ఇందులో ఒక్క ముక్కయినా కూతురికి చెప్పారా అని ఉత్తరమంతా మళ్లీ వెతికాను. ఎక్కడా కనపడలేదు. ఇంటికి ఫోను చేసినప్పుడు మీరు చెప్పేవి మీరే రాశారు: కరెంటు పోయింది, నీళ్లు రాలేదు, జీతం పడింది, డబ్బు పంపాను. సంతోషంగా ఉన్నానని నోరు జారితే 'అక్కడ హాయిగా ఉంది, ఇక్కడ ముసలిదాన్ని చాకిరీకి వదిలేసింది' అంటారని మీ భయం. ఆ భయంతో ఇన్నేళ్లుగా కష్టాన్ని మాత్రమే ఇంటికి పంపిస్తూ వచ్చారు.

ఆ పిల్ల దాన్ని నమ్మింది. మీరు వెళ్లేనాటికి అయిదో తరగతి. అమ్మ మన కోసం కష్టపడుతోంది అన్నారు, సరే అంది. పెద్దమనిషి అయిన రోజున మీరు పక్కన లేరు. అప్పుడూ ఏమీ అనలేదని మీరే రాశారు. ఈ సంక్రాంతికి మీరు రాలేదని నాన్నమ్మ సణుగుతుంటే 'అమ్మకు సెలవు దొరకలేదు, ఏం చేస్తుంది' అని వెనకేసుకొచ్చింది కూడా ఆ పిల్లే. ఆ తర్వాత కొద్ది రోజులకే, జనవరి 19న, టిమ్కత్ రోజున, అడిస్‌లోని జాన్ మేడా మైదానంలో తెల్లటి నూలు బట్టల్లో, పూజారులు గొట్టాలతో చల్లిన మంత్రజలానికి నిలువునా తడిసి, పక్కవాళ్ల భుజం మీద చెయ్యి వేసి పగలబడి నవ్వుతున్న అమ్మను ఫోనులో చూసింది. మీరు ఊళ్లు తిరిగారని ఆ పిల్లకు కోపం వచ్చిందనుకుంటున్నారు. నేననుకోవడం, మీ తరఫున నాన్నమ్మతో వాదించినందుకు తనకు తలవంపులయింది. దానికి తోడు, అలా నవ్వే అమ్మ తనకు అసలు తెలియనే తెలియదు.

సెలవులో నాలుగు చోట్లకు వెళ్లడం తప్పని నేను ఒక్క క్షణం కూడా అనుకోను. ఆర్బా మించ్ నుంచి రోడ్డు మీద ఒక పగలంతా ప్రయాణం చేస్తే అడిస్, అక్కడినుంచి విమానం, ఇక్కడ దిగాక మళ్లీ విజయవాడ దాకా మరో ప్రయాణం. నాలుగు రోజుల సెలవులో వచ్చిపోవడం జరిగే పని కాదని చెబితే ఎవరికైనా అర్థమవుతుంది. ఇంటి అప్పు తీరుస్తున్న ఆడది తన సెలవు ఎక్కడ గడిపిందో దాచుకోవలసి రావడం నాకు సహించదు. ఆ పరిస్థితి మీకు మీరే తెచ్చుకున్నారు. అత్తగారు ఒక మాట అంటే అంటారు, అననివ్వండి. ఆవిడ పక్షాన కూడా ఒకటి చెప్పాలి: డెబ్బై దాటిన వయసులో తెల్లవారకముందే లేచి మీ అమ్మాయికి క్యారేజీ కట్టి పంపిస్తున్న మనిషికి ఆ మాట అనే హక్కుంది. మీకు వినే ఓపిక ఉండాలి. మీ భర్త మంచివారని రాశారు, సంతోషం. ఆయన్ని మధ్యలోకి లాగకండి. ఇది మీరూ మీ కూతురూ తేల్చుకోవలసిన విషయం.

విద్యార్థి ఇంటికి భోజనానికి వెళితే వాళ్లమ్మ ఇంజెరా అనే అక్కడి అట్టు ముక్కలో కూర చుట్టి, తన చేత్తో మీ నోట్లో పెట్టిందని రాశారు. గుర్షా అంటారట కదా, అక్కడ ఆప్యాయతకు గుర్తు. కళ్లనీళ్లు తిరిగాయి, ఎందుకో తెలియలేదు అన్నారు. పదేళ్ల వయసులో వదిలి వచ్చిన పిల్ల అప్పుడు మీ కళ్లముందు మెదిలి ఉండకపోతే నాకు ఆశ్చర్యమే.

ఇక చేయవలసింది. మీరు రాత్రి ఎనిమిదికి ఫోను చేస్తారు. ఇక్కడ అప్పటికి పదిన్నర. ఆ పిల్ల పుస్తకాల మీద తూలుతూ ఉంటుంది, ఫోను స్పీకరులో పెట్టి ఉంటుంది, చుట్టూ ఇంటిల్లిపాదీ. అందరి మధ్యా ఏ పిల్ల మాత్రం మనసు విప్పుతుంది? ఆదివారం ఉదయం తనకు విడిగా చేయండి. సెలవు ఉన్నా లేదన్నాను, అబద్ధం చెప్పాను, నీ చేత కూడా నాన్నమ్మకు చెప్పించాను, తప్పయింది అనండి. అక్కడితో ఆగండి. 'నీ ఫీజుల కోసమే కదా ఇక్కడ పడి ఉన్నాను' అన్న మాట మాత్రం పొరపాటున కూడా రానివ్వకండి, అది వింటే ఆ పిల్ల జన్మలో మీ మీద కోపాన్ని కూడా బయటపెట్టలేదు. ఎదురు మాట్లాడితే పడండి. ఏడిస్తే ఏడవనివ్వండి. మార్చి పరీక్షలు అయ్యాక చూద్దామని వాయిదా వేయకండి. ఇప్పుడు నోరు మూసుకుని చదువుతున్న పిల్లకు మీ మౌనం ఇంకా బరువు.

రెండోది, అమ్మాయిని అక్కడికి రమ్మనండి. ఈఏపీసెట్ అయిపోయాక కౌన్సెలింగ్ మొదలయ్యేలోగా తీరిక దొరుకుతుంది. పాస్‌పోర్టు లేకపోతే ఇప్పుడే దరఖాస్తు చేయించండి, మైనరు కాబట్టి మీ ఇద్దరి సమ్మతీ కావాలి. వీసా ఆన్‌లైన్‌లో వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో ఎల్లో ఫీవర్ టీకా పత్రం అడుగుతారు కనుక ప్రయాణానికి పది రోజుల ముందే టీకా పడాలి. అది వేసే కేంద్రాలు కొన్నే ఉంటాయి, ఆఖరి నిమిషం దాకా ఆగవద్దు.

వచ్చాక మొదటి రోజే మొసళ్లు చూపించడానికి తీసుకుపోకండి. జూన్‌లో మీకు క్లాసులు ఉంటాయి కదా, అది మంచిదే. మీ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చోబెట్టండి. బజాజ్ అని అక్కడ పిలిచే ఆటో ఎక్కించి కూరగాయల సంతకు తీసుకువెళ్లండి. మీరు వండుకునే పొయ్యి, కరెంటు పోయినప్పుడు మీరు పేపర్లు దిద్దే బల్ల చూడనివ్వండి. పక్కింటివాళ్లు కళ్లముందే గింజలు వేయించి, దంచి, కాచి మూడు విడతలుగా కాఫీ పోస్తారు కదా, ఆ రెండు గంటలూ మీ పక్కన కూర్చోనివ్వండి. మీరు అక్కడి భాషలో ఎలా మాట్లాడతారో, ఎవరితో నవ్వుతారో చూస్తుంది. డోర్జె, సరస్సు ఆ తర్వాత, అదీ తను అడిగితేనే.

రానంటుందేమో. ఈ వయసు పిల్లలు కోపంలో ఉన్నప్పుడు అంత తేలిగ్గా దిగిరారు. టికెట్ కొన్నానని బలవంతం చేయకండి, నాన్నతో చెప్పించకండి. అప్పుడు జూలైలో మీ పెద్ద సెలవులకు మీరే రండి. వచ్చిన ప్రతిసారీ తెనాలి, గుంటూరు, ఏలూరు బంధువుల ఇళ్ల చుట్టూ తిరగడంతోనే సెలవు అయిపోతోందని రాశారు. ఈసారి ఆ చుట్టరికాలన్నీ పక్కన పెట్టి, ఎక్కడికి వెళ్లాలో, వెళ్లాలో వద్దో, అమ్మాయినే చెప్పమనండి.