బోరు బండ్ల మోటార్లు బాగుచేసే పనిలో మా అబ్బాయికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా పూర్తిచేశాడు. బోరు బండ్ల హైడ్రాలిక్ మోటార్లు, పంపులు బాగుచేసే వర్క్‌షాపులో చేరతానంటున్నాడు. ఇంత చదివి చేతులకు ఆయిల్ పూసుకునే పనా అని బంధువులు అంటున్నారు. ఈసెట్ రాయించి బీటెక్‌లో చేర్చడం మంచిదా? (ఒక తండ్రి, నల్లగొండ జిల్లా)

జవాబు: మీ అబ్బాయి కోరుకుంటున్న పని ఏ విధంగానూ తక్కువది కాదు. అయితే ఆ వర్క్‌షాపులో అతడు సీళ్లు (ఆయిల్ కారకుండా ఆపే వలయాలు) మార్చడంతోనే ఆగిపోతాడా, మోటారు ఎందుకు చెడిందో కొలిచి చెప్పడం కూడా నేర్చుకుంటాడా అన్నది చూసి మీరు నిర్ణయం తీసుకోవాలి. ఈ తేడా తెలియాలంటే ముందుగా ఆ మోటారు పనిచేసే తీరు కొంత తెలియాలి.

బోరు బండిలో ఇంజను పంపును తిప్పుతుంది, పంపు ఆయిల్‌ను హోస్ పైపుల్లోకి నెడుతుంది, ఆ ఆయిల్ ఒత్తిడికి మోటారు షాఫ్ట్ తిరిగి డ్రిల్లింగ్ రాడ్డును తిప్పుతుంది. చిన్న మోటార్లలో ఎక్కువగా వాడే ఆర్బిటల్ మోటారును విప్పి చూస్తే, ఏడు రోలర్లున్న ఒక వలయం, దాని లోపల ఆరు పళ్ల నక్షత్రంలాంటి చక్రం కనిపిస్తాయి. ఒక పన్ను తక్కువ కావడం వల్ల ఆ రెంటి మధ్య చిన్న చిన్న గదులు ఏర్పడతాయి. పంపు నుంచి వచ్చే ఆయిల్ వెడల్పవుతున్న గదుల్లోకి చేరుతుంది, ఇరుకవుతున్న గదుల్లోని ఆయిల్ తిరిగి ట్యాంకుకు పోతుంది. నక్షత్రం ఇలా వలయంలో ఆరుసార్లు పరిభ్రమిస్తే షాఫ్ట్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఒక మనిషి ఎత్తగలిగినంత మోటారు, విడిగా గేర్‌బాక్సు లేకుండానే, నెమ్మదిగా, ఎంతో బలంగా తిప్పగలగడం ఇందువల్లనే. రోడ్లు ఊడ్చే యంత్రాల బ్రష్షులకూ, కోత యంత్రాలకూ, కన్వేయర్లకూ ఇలాంటివే అమరుస్తారు. ఎక్స్‌కవేటరు ట్రాకులను నడిపేవి, కాంక్రీటు మిక్సర్ లారీ డ్రమ్మును తిప్పేవి ఎక్కువగా పిస్టన్ మోటార్లు.

ఇందులోని లెక్క డిప్లొమా చదివినవారికి కష్టం కాదు. చుట్టుకు 100 సీసీ ఆయిల్ తీసుకునే మోటారుకు నిమిషానికి 40 లీటర్లు పంపితే అది నిమిషానికి 400 చుట్లు తిరుగుతుంది, 100 బార్ ఒత్తిడి వద్ద సుమారు 159 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. అదే పంపుకు 200 సీసీ మోటారు బిగిస్తే వేగం సగమవుతుంది, టార్క్ రెట్టింపవుతుంది. లోపలి లీకేజీ, రాపిడి వల్ల వాస్తవంలో ఈ అంకెలు కొంత తగ్గుతాయి, ఎంత తగ్గాయన్నదే మోటారు ఆరోగ్యాన్ని చెబుతుంది.

రాడ్డు సరిగా తిరగడం లేదని బండి వచ్చినప్పుడు, లోపం మోటారులోనే ఉండాలని లేదు. పంపు అరిగి ఉండవచ్చు, ఒత్తిడి హద్దు దాటితే ఆయిల్‌ను ట్యాంకుకు వదిలేసే రిలీఫ్ వాల్వు ముందుగానే తెరుచుకుంటూ ఉండవచ్చు. ప్రెషర్ గేజ్, ఫ్లో మీటర్ పెట్టి చూడకుండా మోటారు విప్పేవారు యజమాని డబ్బును, పని దినాలను వృథా చేస్తారు. పిస్టన్ మోటారులో, లోపల కారిన ఆయిల్‌ను ట్యాంకుకు చేర్చే కేస్ డ్రెయిన్ పైపును కొలపాత్రలోకి వదిలి, నిమిషానికి ఎంత ఆయిల్ కారుతోందో చూస్తే లోపలి అరుగుదల తెలిసిపోతుంది. ఆ డ్రెయిన్ పైపు నలిగినా, మూసుకుపోయినా కేసులో ఒత్తిడి పెరిగి షాఫ్ట్ సీలు పగులుతుంది. కారణం సరిచేయకుండా కొత్త సీలు వేస్తే అదీ నిలవదు. ఒకే బండికి మళ్లీ మళ్లీ సీలు మార్చే వర్క్‌షాపులో మీ అబ్బాయి నేర్చుకోగలిగింది చాలా తక్కువ.

కాబట్టి చేర్పించే ముందు మీరు స్వయంగా వెళ్లి చూడండి. బాగుచేసిన మోటారును టెస్ట్ బెంచి మీద పరీక్షించి, అంకెలు రాసి పెట్టుకుంటున్నారా? విప్పిన భాగాలను దుమ్ము తగలకుండా ఉంచుతున్నారా? ఈ రెండూ ఉంటే చేరనివ్వండి. లేకపోతే, డిప్లొమా చేతికొచ్చిన ఈ కొత్తలోనే అప్రెంటిస్‌షిప్‌కు దరఖాస్తు చేయించండి. జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం, శ్రీసిటీలో కోబెల్కో ఎక్స్‌కవేటర్ల కర్మాగారం ఉన్నాయి, సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లోని భారీ యంత్రాల నిర్వహణలోనూ హైడ్రాలిక్స్ తెలిసినవారి అవసరం ఉంటుంది.

ఈసెట్ ఈ ఏడాదే రాయాలన్న తొందర అక్కర్లేదు. ఒకటి రెండేళ్లు పనిచేశాక రాసినా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు, అప్పుడు ఫ్లూయిడ్ మెకానిక్స్ పాఠం అతడికి చేతితో తాకి చూసిన విషయంగా ఉంటుంది. డిజైన్ వైపు వెళ్లాలనుకుంటే మాత్రం బీటెక్ తప్పనిసరిగా చేయించండి.

ఒక్క జాగ్రత్త మీరే అతడికి చెప్పాలి. ఒత్తిడిలో ఉన్న హోస్ పైపు ఎక్కడ లీకవుతోందో చేతితో తడిమి చూడకూడదు, అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి. సన్నని ఆయిల్ ధార చర్మంలోకి దూసుకుపోతే పైకి సూదిమొన అంత గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట అంతగా ఉండకపోవచ్చు, అయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి, లోపలికి పోయింది హైడ్రాలిక్ ఆయిల్ అని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి.